భారతం రాత్రులు

ఈ ఏడు మా ఊరి భారతం పండుగ కరపత్రం నాకు ఫోన్‌లో వచ్చింది. అన్న ఫోటో తీసి పంపాడు. గులాబీ రంగు కాగితం, పైన ద్రౌపదీ ధర్మరాజుల బొమ్మ, కింద మూడు గళ్ళ పట్టిక. ఎడమ గడిలో తేదీ, మధ్య గడిలో మధ్యాహ్నం హరికథ, కుడి గడిలో రాత్రి నాటకం. పద్దెనిమిది రోజులకు పద్దెనిమిది వరసలు. చిన్నప్పుడు ఆ కాగితాన్ని అన్నం మెతుకులతో మా ఇంటి గోడకు అంటించేవాళ్ళం. అది చినిగి రాలిపోయేలోపు మళ్ళీ వేసవి వచ్చేది. ఈసారి కుడి గడుల్లో నాటకం పేరు ఉన్నవి నాలుగే. రెండు చోట్ల సినిమా పాటల కచేరి, ఒకచోట కోలాటం. మిగిలిన పదకొండు గడుల్లో అడ్డగీత.

ఆ అడ్డగీతల గురించే ఇదంతా రాస్తున్నాను.

తిరుపతి, చిత్తూరు అనగానే బయటివాళ్ళకు కొండ గుర్తొస్తుంది. బ్రహ్మోత్సవాలు, గరుడసేవ, ఇంకా తెలిసినవాళ్ళయితే కాణిపాకం, శ్రీకాళహస్తి శివరాత్రి. నేనూ ఆ కొండ కిందే ఉద్యోగం చేసుకుంటూ బతుకుతున్నాను. కానీ ఎండాకాలంలో పుత్తూరు, నగరి, సత్యవేడు వైపు ఊళ్ళకు పోయి చూడండి. ఇద్దరు చుట్టాలు కలిస్తే మొదట అడిగే మాట, "మీ ఊళ్ళో భారతం ఎప్పుడు?" మాకు భారతం అంటే పండుగ పేరు. ధర్మరాజుల గుడి ముందు జెండా ఎక్కిన దగ్గర్నుంచి ధర్మరాజు పట్టాభిషేకం దాకా ఊరంతా ఆ కథ లోపలే ఉంటుంది. గుడి దగ్గరి ఖాళీ స్థలాన్ని భారతం మిట్ట అంటాం. మిగతా ఏడాదంతా అక్కడ పిలకాయలు క్రికెట్ ఆడినా, చెనిక్కాయలు ఆరబోసినా దాని పేరు అదే.

తెలుగునాట చాలా చోట్ల ద్రౌపది కథలో మనిషి. మా దగ్గర అమ్మవారు. మొక్కులు, పొంగళ్ళు, నిప్పుల గుండం అన్నీ ఆమె పేరు మీదే. పక్కనున్న తమిళ జిల్లాల్లోనూ ఇదే ఆచారం. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు మా వైపంతా ఉత్తర ఆర్కాటు. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది, సత్యవేడు వైపు ఊళ్ళు కొన్ని మనకు వచ్చాయి. 2022లో జిల్లా మళ్ళీ చీలింది. పుత్తూరు తిరుపతి జిల్లా అయింది, దాని పక్కనున్న కార్వేటినగరం చిత్తూరు జిల్లాలోనే ఉండిపోయింది. ఇన్నిసార్లు సరిహద్దులు మారినా నాటకం వాళ్ళు మాత్రం ఆ ఊరికీ ఈ ఊరికీ తిరుగుతూనే ఉన్నారు. తెలుగులో పద్యం అందుకున్న దుర్యోధనుడే హాస్యగాడితో అరవంలో పరాచికాలాడతాడు. మా అవ్వకు రెండూ ఒకే భాషలాగా అర్థమయ్యేవి.

చూడనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. మధ్యాహ్నం ఎండ తిరిగాక పందిట్లో హరికథ మొదలవుతుంది. భాగవతార్ ఆ రోజు వంతు కథ చెబుతారు. అదే కథను రాత్రి నాటకం వాళ్ళు ఆడతారు. పగలు విన్నది రాత్రి కళ్ళముందు కదులుతుంది. వింటే భారతం వినాలి అన్నారు పెద్దవాళ్ళు, మా ఊళ్ళు విని ఊరుకోలేదు. బకాసుర వధ రోజు నిజంగానే ఎద్దుల బండి కడతారు. దాని మీద అన్నం, గుగ్గిళ్ళు, వడలు పోసుకుని భీముడు వీధి వీధీ తిరుగుతాడు. ప్రతి ఇంటి నుంచీ ఏదో ఒకటి బండిలో పడాల్సిందే. మా అవ్వ అలసంద గుగ్గిళ్ళు చేసేది. భీముడు బండి మీద నుంచి దోసిట్లోకి విసిరిన వడ తింటే పిలకాయలకు బలం వస్తుందని మా నమ్మకం. విరాటపర్వం రోజున ఆకాశం వైపు చూడని రైతు ఉండడు. ఆ పర్వం చదివితే వానలు పడతాయని తెలుగువాళ్ళంతా అనుకునేదే కదా.

అర్జున తపస్సు గురించి మాత్రం నేను తొందరగా చెప్పి దాటలేను. మిట్ట మధ్యలో ఎత్తైన మాను పాతుతారు. అర్జునుడి వేషం వేసినాయన ఒక్కో మెట్టుకూ ఒక్కో పద్యం పాడుకుంటూ పైకి ఎక్కుతాడు. కింద తడిచీరలతో, చేతుల్లో పూజ సామాన్లతో, పిల్లలు లేని ఆడవాళ్ళు బోర్లా పడుకుని ఉంటారు. పైనుంచి ఆయన నిమ్మకాయలు, విభూతి, పూలు విసురుతాడు. ఎవరి మీద ఏది పడితే అది వరం. మా అమ్మ పెళ్ళయిన ఆరేళ్ళకు ఆ మాను కింద పడుకుంది. తర్వాతి ఏడాది అన్న పుట్టాడు. వాడికి అర్జునుడు అని పేరు పెట్టారు. వైద్యం వల్ల పుట్టాడో, వరం వల్ల పుట్టాడో నేను తేల్చలేను. అమ్మ ఇప్పటికీ చెప్పేది వేరే విషయం. ఆ రోజు ఎండలో రెండు గంటలు పడుకుని ఉంటే పైనుంచి పద్యం వినపడుతూనే ఉందట. ఆ గొంతు ఆగితే తన ఊపిరి ఆగినట్టు అనిపించిందట. పిల్లలు లేరని ఆరేళ్ళు నోటికొచ్చినట్టు అన్న ఊరు, ఆ రెండు గంటలు తన చుట్టూ నిలబడి తన కోసం దండం పెట్టుకుందట.

తర్వాత పద్దెనిమిదో రోజు, దుర్యోధన వధ. దుర్యోధనుడిని మట్టితో నేల మీద పడుకోబెట్టి చేస్తారు. ఇల్లంత పెద్ద బొమ్మ. మీసాలు, కిరీటం, చేతిలో గద. తొడ దగ్గర ఎర్రనీళ్ళ కుండ దాచిపెడతారు. పొద్దున్నే భీముడు, దుర్యోధనుడు వేషాలు వేసినవాళ్ళు ఆ బొమ్మ చుట్టూ తిరుగుతూ, ఎక్కుతూ దిగుతూ యుద్ధం చేస్తారు. చివరికి భీముడు తొడ పగలగొడతాడు. ద్రౌపది ఆ ఎరుపు జుట్టుకు పూసుకుని, ఇన్నాళ్ళూ విరబోసుకున్న జుట్టును ముడి వేసుకుంటుంది. అప్పుడు దుర్యోధనుడి ఇంటి ఆడవాళ్ళ వేషాలు వేసినవాళ్ళు శోకాలు పెడుతూ వచ్చి చీపురు, చేట పట్టుకుని భీముడిని తరుముతారు. జనం ఆ బొమ్మ మట్టిని పిడికెడు తీసుకుపోయి ఇంట్లో, గాదెలో పెట్టుకుంటారు. చెడ్డవాడని పద్దెనిమిది రోజులు తిట్టిన మనిషి మట్టిని ఇంట్లో దాచుకునే జనం మేము. సాయంత్రం కంకణం కట్టుకున్నవాళ్ళు పసుపు బట్టలతో, వేపమండలతో గుండం తొక్కుతారు.

ఈ రెండు రోజులకూ ఇప్పటికీ జనం విరగబడతారు. ఈ ఏడూ వచ్చారు. తపస్సు మాను చుట్టూ ఇసుక వేస్తే రాలని జనం. అందుకే కమిటీవాళ్ళు "భారతం బ్రహ్మాండంగా జరిగింది, నీకెందుకు దిగులు?" అని నన్ను అడిగారు. కమిటీలో ఉన్నవాళ్ళు పరాయివాళ్ళు కారు, నాకు మామలు, బావలు వరసయ్యేవాళ్ళు. వాళ్ళ కష్టం నాకు తెలుసు. అయినా వాళ్ళతో నేను ఒప్పుకోలేకపోతున్నాను.

ఎందుకంటే దుర్యోధన వధ పొద్దున నేను చూసింది ఇది. బొమ్మ చుట్టూ ఫోన్లు పైకెత్తిన చేతులు. తొడ పగలగానే కేకలు, ఈలలు. శోకాలు పెట్టే ఘట్టం వచ్చేసరికి సగం జనం లేచిపోయారు. చీపురు పట్టుకుని భీముడిని తరుముతుంటే కుర్రవాళ్ళు నవ్వారు. నా చిన్నప్పుడు ఆ ఘట్టంలో ఎవరూ నవ్వలేదు. మా అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది. "వాడు చెడ్డోడే కదవ్వా, నువ్వెందుకు ఏడస్తావు?" అని అడిగితే, "చెడ్డోడే గానీ వాడికీ అమ్మ ఉంది కదే" అనేది. ఆమెకు ఆ దుర్యోధనుడు పదిహేడు రాత్రుల పరిచయం. రాజసూయంలో మయసభలో జారిపడి సిగ్గుతో కుమిలిపోయినప్పుడు చూసింది. కర్ణుడిని పక్కన కూర్చోబెట్టుకుని నవ్వినప్పుడు చూసింది. కర్ణుడు పడిపోయిన రాత్రి అతను ఒంటరిగా నిలబడి పాడిన పద్యం విన్నది. ఆ రాత్రులన్నీ తీసేసి పద్దెనిమిదో రోజు ఒక్కటే పెడితే, ఎదురుగా ఉండేది మట్టి. దాని కోసం ఎవరు ఏడుస్తారు?

ద్రౌపది జుట్టు ముడి కూడా అంతే. జూదం రాత్రి ఆమె జుట్టు విప్పుకోవడం మనం చూసి ఉండాలి. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆ రాత్రి ఇప్పటికీ కళ్ళముందే ఉంది. అవ్వ ఒళ్ళో దుప్పటి కప్పుకుని పడుకున్నాను. సభలోకి ఈడ్చుకొచ్చాక, వేషం వేసింది మగాయనే, గొంతు పెట్టి "ఈ సభలో పెద్దలెవరూ లేరా?" అని అడిగాడు. అడుగుతూ కౌరవుల వైపు చూడలేదు, మా వైపు తిరిగాడు. మిట్ట మీద కూర్చున్న ఊరి పెద్దలంతా తల దించుకున్నారు. మా వీధిలో పెళ్ళాన్ని కొట్టే ఒకాయన లేచి చీకట్లోకి పోవడం నేను చూశాను. కొట్టడం మానేశాడని నేను చెప్పలేను. కానీ ఆ ప్రశ్నకు ఊరు జవాబు చెప్పలేక కూర్చున్న ఆ కాసేపు నాకు ఏ బడిలోనూ దొరకలేదు. ఈ ఏడు కరపత్రంలో ఆ రాత్రికి అడ్డగీత ఉంది.

కర్ణుడి చావుకు కారణాలు ఎన్నో అంటారు. ఈ రాత్రులు పోవడానికీ అన్నే ఉన్నాయి. టీవీ, ఫోను అందరూ చెప్పేవే. మా వైపు ఇంకోటి ఉంది. నగరి, పుత్తూరు చుట్టుపక్కల మరమగ్గాలు రాత్రంతా నడుస్తాయి. అక్కడ పనిచేసేవాళ్ళు తెల్లవార్లూ నాటకం చూసి పొద్దున పనికి ఎట్లా పోతారు? పిలకాయలకు పోటీ పరీక్షలు. చదువుకున్నవాళ్ళు చెన్నైలో, బెంగళూరులో. ఇక మైకు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. పండుగల కోసమైతే ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు. ఆ నిబంధన మంచిదే, ముసలివాళ్ళు, పసిపిల్లలు ఉన్న ఇళ్ళు ఉంటాయి. పర్మిషన్ల కోసం తిరగలేక కమిటీవాళ్ళు నాటకమే తీసేస్తున్నారు. నాటకం మైకు కంటే పాతది అన్న సంగతి మర్చిపోయాం. పెట్రోమాక్స్ లైటు వెలుతురులో, మద్దెల, తాళాలు, హార్మోనియంతో, మిట్ట చివర కూర్చున్నవాళ్ళకు కూడా వినపడేలా పాడిన గొంతులు అవి.

డబ్బు లేదు అన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. ఈసారి రంగు లైట్ల ఆర్చీలు ఊరి పొలిమేర నుంచి పెట్టారు. ఒక్క రాత్రి పాటల కచేరికి ఇచ్చిన డబ్బు, నాలుగు రాత్రులు నాటకం ఆడినవాళ్ళకు ఇచ్చినదానికంటే ఎక్కువ. ఆ కచేరిలో పాడిన పిలకాయలంటే నాకు కోపం లేదు, బాగా పాడారు. కానీ ఆ పాటలు రోజూ ఆటోలో వినపడేవే. జూదం రాత్రి ఏ ఆటోలోనూ వినపడదు.

మొన్న ఆడికృత్తిక పండక్కి ఊరికి పోయినప్పుడు దుర్యోధనుడు వేసే ఆయన ఇంటికి పోయాను. పక్క ఊరే. డెబ్బై దగ్గర పడ్డాయి. పగలు మగ్గం పని. అటక మీద నుంచి ట్రంకుపెట్టె దించి చూపించాడు. కట్టెతో చేసిన భుజకీర్తులు, కిరీటం, అద్దాలు రాలిపోయిన చోట తగరం కాగితం అంటించి ఉంది. గజ్జెల బరువు నేను ఒక చేత్తో ఎత్తలేకపోయాను.

"పెదనాయనా, ఎవరికైనా నేర్పిస్తున్నారా?" అని అడిగాను.

"వచ్చినారమ్మా, ఇద్దరు. నాలుగు రాత్రులకు పిలస్తారని ఎవడు నేర్చుకుంటాడు? నాలుగు రాత్రుల్లో దుర్యోధనుడి పద్యాలు సగం కూడా రావు. పాడకుంటే నాకే మర్చిపోతాండాయి" అన్నాడు.

ఆ చివరి మాట దగ్గర నాకు అన్నమయ్య గుర్తొచ్చాడు. 1408లో పుట్టి 1503 దాకా బతికిన ఆ మహానుభావుడు 32 వేల సంకీర్తనలు రాశాడని చెబుతారు. కొడుకు కాలంలో వాటిని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో భద్రం చేశారు. మనకు దక్కినవి 14 వేల దాకా ఉన్నాయి. గత శతాబ్దంలో వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు వంటి పెద్దలు ఆ రేకులను చదివి, పరిష్కరించి లోకానికి ఇచ్చారు. ఆ రేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది. అన్నమయ్య ఎట్లా పాడాడో మాత్రం లేదు. నోటి నుంచి నోటికి రావలసిన వరస మధ్యలో ఎక్కడో తెగిపోయింది. రాళ్ళపల్లివారు, ఆ తర్వాత నేదునూరి కృష్ణమూర్తిగారు, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్‌గారు మళ్ళీ బాణీలు కట్టారు. వాళ్ళ పుణ్యమా అని ఇవాళ మనం పాడుకుంటున్నాం. కానీ అది వాళ్ళ గొప్పతనం. అన్నమయ్య గొంతు మనకు లేదు. రాగి మీద చెక్కించిన పాటకే అట్లా జరిగితే, ట్రంకుపెట్టెలో చెదలు పట్టే నోటుపుస్తకంలో ఉన్న పద్యం గతి ఏమిటి?

వీడియో తీసి పెడదాం అని మా కాలేజీలో ఒకరిద్దరు అన్నారు. తీయాలి. ఆ పెద్దాయన గొంతు నేనూ ఫోన్‌లో గంటన్నర పట్టాను. కానీ రాగిరేకు చేసిన పనే వీడియో కూడా చేస్తుంది, దాచిపెడుతుంది. ఆడే మనిషి, అతని ముందు నేల మీద కూర్చుని తల దించుకునే ఊరు, రెండూ ఉంటేనే అది భారతం.

తిరుపతి గంగమ్మ జాతరను చూస్తే నాకు ధైర్యం వస్తుంది. తాతయ్యగుంట గంగమ్మకు వేసవిలో జరిగే ఆ జాతర నగరం మధ్యలో, ఇంత ట్రాఫిక్‌లో, చాటింపు దగ్గర్నుంచి విశ్వరూపం దాకా నిలబడింది. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, ఏ రోజు వేషం ఆ రోజే. ఆడవాళ్ళను వేధించి దాక్కున్న పాలెగాడిని వెతుక్కుంటూ గంగమ్మ రోజుకో రూపం మార్చింది కాబట్టి వరస తప్పితే కథే లేదు. ఎవరూ దాన్ని "జనానికి తీరిక లేదు, దొర వేషం ఒక్కటే పెడదాం" అనలేదు. ఈమధ్య సినిమాలో చూసి ఎక్కడెక్కడి వాళ్ళో మాతంగి వేషం చూడటానికి వస్తున్నారు. వాళ్ళు రాకముందు నుంచీ మా పక్కింటి ఆటో డ్రైవరు ఏటా మొక్కుకుని, చీర కట్టుకుని, పూలు పెట్టుకుని పోతున్నాడు. జాతరలో వేషం ఇంటింటిది. భారతంలో అంత తేలిక కాదు, ఏళ్ళ తరబడి నేర్చుకున్న గొంతు, అడుగు కావాలి. అందుకే ఆ నేర్చినవాళ్ళను నిలబెట్టుకోవడం ఊరి పని అవుతుంది.

నేను అడిగేది తెల్లవార్లూ నాటకం ఆడమని కాదు. ఈ విషయంలో మా పెద్దవాళ్ళతో కూడా నాకు పేచీ ఉంది. "తెల్లారేదాకా ఆడకపోతే అది భారతమే కాదు" అని వాళ్ళు పట్టుబడతారు. మగ్గం పనికి పోయేవాడి నిద్ర తీసేసి పండుగ చేసుకోలేం. ఎనిమిదికి తెర ఎత్తి పదకొండుకు మంగళం పాడండి. పదికి మైకు కట్టేయండి, ఆ తర్వాత జనం ముందుకు జరిగి కూర్చుంటారు. గంటలు తగ్గించండి, రాత్రుల వరస తెంచకండి. పద్దెనిమిది కుదరకపోతే పన్నెండు. కానీ జూదం, రాయబారం, అభిమన్యుడు, కర్ణుడు లేకుండా దుర్యోధనుడిని చంపకండి.

డబ్బుకు మన దగ్గర పాత పద్ధతే ఉంది, ఉభయం. ఒక్కో రోజు ఖర్చు ఒక్కో ఇంటిది, ఆ ఇంటి పేరు కరపత్రంలో పడుతుంది. ఇప్పుడు ఉభయదారులంతా తపస్సు రోజు, వధ రోజు, అన్నదానం కోసం పోటీ పడుతున్నారు. మధ్య రాత్రులను అడిగేవాళ్ళు లేరు. అందుకే అడ్డగీతలు పడ్డాయి. పల్లె వదిలి బయట ఉద్యోగాలు చేసుకునే మాబోటివాళ్ళం తలా ఒక రాత్రి తీసుకుంటే ఆ గడులు నిండుతాయి. డబ్బు పంపి ఊరుకుంటే చాలదు. ఉభయం పట్టిన ఇల్లు ఆ రాత్రి తెర ఎత్తిన దగ్గర్నుంచి మంగళం దాకా ముందు వరసలో కూర్చోవాలని మా ఊళ్ళో పాత నియమం, అది మళ్ళీ రావాలి. నాటకం వాళ్ళు ఆడేటప్పుడు వాళ్ళకు కనపడాల్సింది మనుషుల మొహాలు.

అన్న, నేను కలిసి వచ్చే ఏడు జూదం రాత్రికి ఉభయం రాయించాం. అమ్మ తన పెన్షన్ డబ్బుతో తపస్సు ముందటి రాత్రి అడిగింది. బెంగళూరులో ఉండే మా చిన్నాన్న కొడుకు రాయబారం తీసుకున్నాడు, పిల్లల్ని కూడా తీసుకొస్తానన్నాడు. పెదనాయనకు ఫోన్ చేసి చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ముగ్గురు శిష్యులైనా కావాలమ్మా, ఆ కరపత్రం పండక్కి ముందే అచ్చేసి ఇస్తారా, వాళ్ళకు చూపించాల" అన్నాడు.

కమిటీ దగ్గర పుస్తకంలో చూశాను. సుభద్రా కల్యాణం, ఉత్తర గోగ్రహణం, అభిమన్యుడి రాత్రి ఇంకా ఖాళీగా ఉన్నాయి. సంక్రాంతికి ఊరికి వచ్చేవాళ్ళు గుడి దగ్గర ఆగి అడగండి, పుస్తకం అక్కడే ఉంటుంది.